13(2) నోటీసు వచ్చింది, ఇల్లు వేలానికి పోకుండా ఏం చేయొచ్చు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కూకట్‌పల్లిలో ఫ్లాటు. 20 ఏళ్ల గడువుతో, 8.5 శాతం వడ్డీకి 40 లక్షల హోమ్‌లోను. ఐదేళ్లు సరిగ్గానే కట్టారు. ఉద్యోగం పోయింది, నాలుగు కిస్తీలు పడలేదు. ఇప్పుడు సర్ఫేసీ చట్టం (తాకట్టు ఆస్తిని బ్యాంకు కోర్టుకి వెళ్లకుండానే స్వాధీనం చేసుకుని అమ్ముకునే వీలిచ్చే చట్టం) 13(2) సెక్షన్ కింద 36 లక్షల 40 వేలు 60 రోజుల్లో కట్టమని నోటీసు వచ్చింది. ఫ్లాటు ఇవాళ అమ్మితే 70 లక్షలు పలుకుతుందని మీ అంచనా. బ్యాంకు ఇల్లు తీసుకోకుండా దారులేమిటి?

ముందు ఒక మాట తేల్చుకుందాం. మన బ్యాంకుల్లో ‘ఫోర్‌క్లోజర్’ అంటే గడువుకు ముందే మీరు లోను మొత్తం తీర్చేయడం. అమెరికాలో అదే మాటకి బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకోవడం అని అర్థం. అందుకే అక్కడున్న మన పిల్లలు ఇంటర్నెట్లో చదివి చెప్పే సలహాలు ఇక్కడ సగం పనికిరావు. బ్రాంచికి వెళ్లి ‘ఫోర్‌క్లోజర్ ఆపండి’ అంటే కౌంటర్లో ఉన్నాయన బిత్తరపోతాడు. మీరు మాట్లాడాల్సిన మాటలు మూడు: ఓవర్‌డ్యూ (గడువు దాటిన బాకీ), ఎన్‌పీఏ (90 రోజులైనా బాకీ తీరక బ్యాంకు మొండి బాకీగా లెక్కేసిన ఖాతా), సర్ఫేసీ.

మీ నోటీసులో 36.40 లక్షలు ఎందుకు అడిగారంటే, ఖాతా ఎన్‌పీఏ అయ్యాక బ్యాంకు లోను మొత్తాన్ని వెనక్కి పిలిచేస్తుంది. ఆ అంకె చూసి గుండె జారిపోనక్కర్లేదు. మీరు నిజంగా సర్దుబాటు చేసుకోవాల్సింది అంతకంటే చాలా తక్కువ కావచ్చు. ఆర్‌బీఐ 2021 నవంబరులో స్పష్టంగా చెప్పిన నిబంధన ప్రకారం, ఎన్‌పీఏ అయిన ఖాతా మళ్లీ మామూలు ఖాతా కావాలంటే ఓవర్‌డ్యూ అయిన అసలు, వడ్డీ పూర్తిగా కట్టాలి. లోను మొత్తం కాదు, పాత బాకీ మొత్తం. మీ కిస్తీ 34,713 రూపాయలు. నాలుగు కిస్తీలు 1,38,852. ఈ 60 రోజుల్లో ఇంకో రెండు వచ్చి పడతాయి కాబట్టి ఆరు, అంటే 2,08,278. దానికి పీనల్ ఛార్జీలు, బౌన్స్ ఛార్జీలు, నోటీసు ఖర్చు కలుపుకోండి. రెండుంపావు లక్షల దగ్గర తేలాలి. చట్ట ప్రకారం బ్యాంకు మొత్తం అడగగలదు, నిజమే. కానీ పాత బాకీ ఏకమొత్తంగా కడతానంటే, ఇంటి లోను విషయంలో చాలా బ్రాంచీలు తీసుకుని చర్య ఆపేస్తాయి. వాళ్లకీ ఒక ఎన్‌పీఏ తగ్గుతుంది. ఆ మాట మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు కొంచెం కొంచెంగా కట్టడం. ఈ నెల ముప్పై వేలు, వచ్చే నెల నలభై వేలు. ఎన్‌పీఏ అయ్యాక అలా కడితే బాకీ తగ్గుతుంది కానీ ఖాతా స్థితి మారదు, నోటీసు గడియారం ఆగదు. కడితే ఆ రెండుంపావు ఒకేసారి కట్టాలి. లేదా ఆ డబ్బు చేతిలో ఉంచుకుని వేరే దారి చూడాలి.

ఇంకా నోటీసు రాని వాళ్లు ఇది చదువుతుంటే మీకు లెక్క వేరు. 90 రోజుల గడియారం అన్నిటికంటే పాత కిస్తీ తేదీ నుంచి నడుస్తుంది. జనవరి 5 కిస్తీ పడకపోతే ఏప్రిల్ 5న రోజు ముగిసేసరికి ఖాతా ఎన్‌పీఏ. కానీ మీరు కట్టే ఏ డబ్బయినా ముందు పాత కిస్తీకే జమ అవుతుంది. మార్చి నెలాఖర్లో ఒక్క కిస్తీ పూర్తిగా కట్టినా జనవరిది తీరిపోయి, లెక్క ఫిబ్రవరి 5 నుంచి మొదలవుతుంది. నెల రోజులు దొరుకుతాయి. మూడు కిస్తీలకు డబ్బు లేదని ఒక్కటి కూడా కట్టకుండా కూర్చోవడం వల్లే చాలా ఖాతాలు అనవసరంగా ఎన్‌పీఏ అవుతున్నాయి. 30 రోజుల వరకు ఎస్ఎంఏ-0, 60 వరకు ఎస్ఎంఏ-1, 90 వరకు ఎస్ఎంఏ-2 అని బ్యాంకు లోపల గుర్తులుంటాయి. మొదటి గుర్తు దగ్గర మేనేజరు చేతిలో ఉన్న వెసులుబాటు మూడో గుర్తు దగ్గర ఉండదు, ఎన్‌పీఏ అయ్యాక ఫైలే ఆయన చేతిలోంచి రికవరీ విభాగానికి పోతుంది.

రెండుంపావు లక్షలు ఎక్కణ్నుంచి? ఇంట్లో బంగారం ఉంటే గోల్డ్‌లోను, ఎల్ఐసీ పాలసీ మీద లోను, పీఎఫ్‌లో హోమ్‌లోను బాకీకి ఇచ్చే అడ్వాన్సు, పాడుకోని చిట్టీ. ఈ వరసలో చూడండి. లోనుతో పాటు బ్యాంకు అంటగట్టిన ఇన్సూరెన్సు పాలసీ కాగితం కూడా ఒకసారి తీసి చదవండి. కొన్నిటిలో ఉద్యోగం పోతే కొన్ని కిస్తీలు కట్టే క్లాజు ఉంటుంది, ఎవరూ చూడరు. నూటికి రెండు రూపాయల వడ్డీకి మాత్రం తేవద్దు. అది ఏడాదికి 24 శాతం. 8.5 శాతం అప్పు కాపాడుకోవడానికి 24 శాతం అప్పు చేసినవాళ్లు ఆరు నెలల తర్వాత రెండిటికీ కట్టలేక కూర్చుంటారు.

అయితే ఒక నిజం ఒప్పుకోవాలి. ఈ రెండుంపావు లక్షల దారి మీకు ఆరు నెలల లోపు మళ్లీ జీతం వస్తుందన్న గట్టి ఆశ ఉంటేనే. ఆఫర్ లెటరు చేతిలో ఉంది, లేదా ఇంట్లో ఇంకొకరి సంపాదన ఉంది అంటే తప్పకుండా కట్టేయండి. లేదంటే బంగారం కూడా కరిగించి, మళ్లీ ఇదే నోటీసు అందుకుంటారు. అప్పుడు అమ్ముకోవడమే మంచిది. దాని దగ్గరికి వస్తాను.

పాత బాకీ తీరాక కిస్తీ తగ్గించుకోవడం రెండో మెట్టు. మీ లెక్కే చూద్దాం. ఐదేళ్లు కట్టాక మిగిలిన అసలు సుమారు 35.25 లక్షలు, గడువు 15 ఏళ్లు. దాన్ని 25 ఏళ్లకి సాగదీస్తే కిస్తీ 34,713 నుంచి దాదాపు 28,400కి దిగుతుంది. నెలకి 6,300 ఊపిరి. దానికి మీరిచ్చే ధర, చివరిదాకా అలాగే కడితే, 22 లక్షలకి పైగా అదనపు వడ్డీ. అందుకే దీన్ని శాశ్వత ఏర్పాటుగా చూడొద్దు. జీతం కుదురుకోగానే మళ్లీ కిస్తీ పెంచుకోండి. ఫ్లోటింగ్ వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి లోనుకి ముందస్తు చెల్లింపు రుసుము లేదు. గడువు పెంపుకి బ్యాంకు మీ వయసు చూస్తుంది. సాధారణంగా లోను 30 ఏళ్లు దాటకూడదు, మీకు 70, 75 వచ్చేలోపు తీరిపోవాలి. వడ్డీ రేటు కూడా అడగండి. 2025లో ఆర్‌బీఐ రెపో రేటుని (బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీని) 6.5 నుంచి 5.25కి దించింది. లోను రెపోకి ముడిపడి ఉంటే ఆ తగ్గుదల మీకు రావాలి. చాలా బ్యాంకులు రేటు తగ్గినప్పుడు కిస్తీ అలాగే ఉంచి గడువు తగ్గిస్తాయి. మీకు ఇప్పుడు కావాల్సింది దానికి తిరగబడ్డ లెక్క. రేటు మారినప్పుడు కిస్తీ మార్చాలా, గడువు మార్చాలా అన్నది ఎంచుకునే వీలు ఇవ్వాలని 2023 ఆగస్టు సర్క్యులర్లో ఆర్‌బీఐ చెప్పింది. అప్లికేషన్లో ఆ మాట రాయండి.

‘రీస్ట్రక్చరింగ్’ అన్న పదం మాత్రం ఆలోచించి వాడండి. కష్టంలో ఉన్న ఖాతాకి షరతులు సడలిస్తే, ఖాతా బాగున్నా సరే దాన్ని ఎన్‌పీఏగా దించాలన్నది ఆర్‌బీఐ నిబంధన. కోవిడ్ కాలంలో ఇచ్చిన మినహాయింపులు ఇప్పుడు లేవు. మేనేజర్లు ఆ మాట వినగానే వెనక్కి తగ్గేది అందుకే. 

ఇక ఈ నోటీసుకి జవాబు. 13(3ఎ) సెక్షన్ కింద అభ్యంతరం పెట్టుకునే హక్కు మీకుంది. పెడితే బ్యాంకు 15 రోజుల్లో కారణాలు చెప్తూ సమాధానం ఇచ్చి తీరాలి. ఇది పారేసుకోవద్దు. లాయరు కూడా అక్కర్లేదు, ఒక పేజీ చాలు. స్పీడ్ పోస్టులో అధీకృత అధికారి పేరున పంపండి, బ్రాంచిలో ఒక కాపీ ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఇలా రాయొచ్చు:

‘ఫలానా తేదీ నోటీసు అందింది. లోను ఖాతా నంబరు ఫలానా. ఫలానా నెల నుంచి ఉద్యోగం లేకపోవడం వల్ల నాలుగు కిస్తీలు ఆగాయి, రిలీవింగ్ లెటరు జతచేశాను. నోటీసులోని మొత్తంలో అసలు ఎంత, వడ్డీ ఎంత, పీనల్ ఛార్జీలు ఎంత, ఇతర ఖర్చులు ఎంత అన్నది విడివిడిగా తెలపండి, ఖాతా స్టేట్‌మెంట్ ఇవ్వండి. ఫలానా తేదీలోపు ఓవర్‌డ్యూ మొత్తం ఏకమొత్తంగా కడతాను. ఖాతాని స్టాండర్డ్‌గా మార్చి నోటీసు ఉపసంహరించుకోవాలని కోరుతున్నాను. అది కుదరని పక్షంలో ఆస్తిని నేనే అమ్మి బాకీ తీర్చడానికి 13(13) కింద రాతపూర్వక అనుమతి, 90 రోజుల గడువు ఇవ్వండి.’

స్టేట్‌మెంట్ ఎందుకు అడగమంటున్నానంటే, 2024 నుంచి కిస్తీ ఆలస్యమైనందుకు వేసేది పీనల్ వడ్డీ కాకూడదు, విడిగా ఛార్జీ మాత్రమే కావాలి. దాన్ని అసలులో కలిపి దానిమీద మళ్లీ వడ్డీ వేయకూడదు. లెక్కలో ఆ తప్పు దొరికితే తీసేయించుకోవచ్చు. చేతికొచ్చేది కొన్ని వేలే కావచ్చు, అయినా అభ్యంతరానికి బరువు వస్తుంది. ఒక్క హెచ్చరిక: ఆ లేఖలో తేదీ రాశారంటే ఆ తేదీకి కట్టాలి. తప్పితే రేపు ట్రిబ్యునల్లో అదే కాగితం మీకు ఎదురొస్తుంది.

ఇప్పుడు అమ్మకం. మీ అంకెలతో నాకు అన్నిటికంటే నచ్చే దారి ఇదే, అందుకే ఎక్కువ రాస్తున్నాను. మీరే 70కి అమ్మితే 36.5 బ్యాంకుకి పోయి 33 లక్షల దాకా మీ చేతికి వస్తుంది. అదే వేలానికి వదిలేశారనుకుందాం. ఏడాది పడుతుంది, ఆ ఏడాది వడ్డీ 3 లక్షల పైనే. వాల్యుయేషన్ రిపోర్టులో మార్కెట్ విలువ, రాబట్టగల విలువ, ఆపత్కాల విలువ అని మూడు అంకెలుంటాయి. రిజర్వు ధర, అంటే వేలం పాట మొదలయ్యే ధర, కింది వైపే మొగ్గుతుంది. కొనేవాడికి కోర్టు భయం ఉంటుంది, అదీ ధరలోనే కోసుకుంటాడు. 56 లక్షలకి పోయిందనుకున్నా, 40 తీసేస్తే మీకు మిగిలేది 16. సగం డబ్బు గాలికి పోయినట్టే.

అమ్మకంలో మొదటి కిటుకు, పైన లేఖలో రాసిన 13(13). 13(2) నోటీసు అందాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఆస్తిని అమ్మడం, లీజుకివ్వడం చట్టం ఒప్పుకోదు. అనుమతి రానివ్వకుండా బయానా తీసుకుంటే కొనేవాడి డబ్బూ ఇరుక్కుంటుంది, మీ మీద చీటింగ్ ఫిర్యాదూ రావచ్చు. రెండోది, బ్యాంకు నుంచి రెండు కాగితాలు: ఫలానా తేదీ వరకు లోను మూసేయడానికి ఎంత కట్టాలో చెప్పే ఫోర్‌క్లోజర్ లెటరు, వాళ్ల దగ్గరున్న ఒరిజినల్ డాక్యుమెంట్ల జాబితా. కొనేవాడి బ్యాంకు ఈ రెండూ లేకుండా ఫైలు కదపదు. లింక్ డాక్యుమెంట్ల జిరాక్సులు, తాజా ఈసీ (ఆస్తి మీద అమ్మకాలు, తాకట్టులు చూపే పత్రం), ప్రాపర్టీ ట్యాక్సు రసీదు, సొసైటీ మెయింటెనెన్సు బాకీ లేదన్న లెటరు ఇప్పుడే సిద్ధం చేసుకోండి. కొనేవాడు దొరికాక వీటి కోసం తిరిగితే మూడు వారాలు పోతాయి.

డబ్బు ఎలా చేతులు మారాలన్నది అగ్రిమెంటులో రాసుకోండి. కొనేవాడు ఇచ్చే మొదటి 36.5 లక్షలు మీ ఖాతాకి కాదు, నేరుగా మీ లోను ఖాతాకి పోవాలి. కొనేవాడు లోను తీసుకుంటుంటే వాళ్ల బ్యాంకు మీ బ్యాంకు పేరున డీడీ ఇస్తుంది, మిగతాది రిజిస్ట్రేషన్ రోజు మీకు. లోను మూసేశాక ఒరిజినల్స్ 30 రోజుల్లో ఇవ్వాలి, ఆలస్యం బ్యాంకు వల్లయితే రోజుకి 5,000 రూపాయల పరిహారం ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన. ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. తాకట్టు పెట్టినప్పుడు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఎంఓడీటీ అనే తాకట్టు పత్రం రిజిస్టరై ఉంటే, అది రద్దయ్యేదాకా ఈసీలో బ్యాంకు పేరు కనిపిస్తూనే ఉంటుంది. నో డ్యూస్ లెటరు చేతికొచ్చింది కదా అని ఊరుకోవద్దు. రిలీజు డాక్యుమెంటు మీద సంతకానికి బ్యాంకు అధికారి సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి వచ్చే తేదీ ముందే ఖాయం చేసుకోండి. సెర్సాయ్ అనే తాకట్టుల కేంద్ర రిజిస్ట్రీలో ఉన్న నమోదు కూడా తీయించమని అడగండి.

పన్నులు రెండు ముక్కల్లో. అమ్మకం ధర 50 లక్షలకి తగ్గదు కాబట్టి కొనేవాడు 1 శాతం, అంటే 70 వేలు టీడీఎస్ పట్టుకుంటాడు. అది రిటర్నులో మీకు జమ అవుతుంది. పాత పన్ను విధానంలో అసలు చెల్లింపు మీద 80సి మినహాయింపు తీసుకుని ఉంటే, ఇల్లు స్వాధీనం తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక ఐదేళ్లు నిండకుండా అమ్మితే ఆ మినహాయింపులన్నీ అమ్మిన ఏడాది ఆదాయంలో తిరిగి కలుస్తాయి. మీరు సరిగ్గా ఆ అంచునే ఉన్నారు, స్వాధీనం తేదీ చూసుకోండి. ఇల్లు జాయింటుగా ఉండి ఒకరు విదేశంలో ఉంటే, అక్కడి భారత కాన్సులేటులో జీపీఏ (వాళ్ల తరఫున సంతకం పెట్టే అధికారం ఇచ్చే పత్రం) చేయించి పంపాలి. అది ఇక్కడికి అందిన మూడు నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టాలి. ఇల్లు వేలానికి దగ్గరయ్యాక ఆ కాగితం కోసం ఎదురుచూడటం నరకం, అందుకే ఇవాళే పనిలో పెట్టండి.

‘లోను మేమే కట్టుకుంటాం, అగ్రిమెంటు, జీపీఏ రాసివ్వండి, మీకు పది లక్షలు ఇస్తాం’ అంటూ వచ్చేవాళ్లు ఉంటారు. నోటీసు పేపర్లో పడ్డాక అయితే ఫోన్లు మోగుతూనే ఉంటాయి. ఒప్పుకోవద్దు. ఇల్లు వాళ్ల చేతిలో, అప్పు మీ పేరున. రెండు కిస్తీలు కట్టి ఆపేస్తే సిబిల్ మీది, కేసు మీది.

ఓటీఎస్, అంటే బాకీ కొంత తగ్గించుకుని తీర్చేసే ఒప్పందం గురించి అందరూ అడుగుతారు. మీ విషయంలో పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. బాకీ 36, ఆస్తి 70. బ్యాంకు ఏం చూసి తగ్గించుకుంటుంది? పాతబడిన ఎన్‌పీఏ, విలువ పడిపోయిన ఆస్తి, టైటిల్ చిక్కు ఉన్న చోట ఓటీఎస్ ఇస్తారు. అది హక్కుగా అడగడానికి లేదని సుప్రీంకోర్టు 2021లో బిజ్నోర్ అర్బన్ కోఆపరేటివ్ బ్యాంకు కేసులో చెప్పేసింది. ఇస్తే మాత్రం శాంక్షన్ లెటరులో గడువు తేదీలు చూసుకోండి. ఒక్క వాయిదా తప్పినా ఓటీఎస్ రద్దయి, కట్టిందంతా పాత బాకీలో జమ చేసుకుంటారు. పైగా సిబిల్‌లో ‘క్లోజ్డ్’ బదులు ‘సెటిల్డ్’ అని పడుతుంది, తర్వాత ఏ లోనుకి వెళ్లినా అదే అడుగుతారు. ఇంకోటి, బ్యాంకు రైటాఫ్ చేసిందంటే మాఫీ అయినట్టు కాదు. అది వాళ్ల పుస్తకాల సర్దుబాటు, వసూలు యథాతథంగా నడుస్తుంది.

60 రోజులూ దాటితే ఏం జరుగుతుందో వరసగా తెలిసుండాలి. 13(4) కింద స్వాధీన నోటీసు మీ తలుపుకి అంటిస్తారు, ఏడు రోజుల్లో రెండు పేపర్లలో వేస్తారు, అందులో ఒకటి తెలుగు పేపరు. ఇది కాగితం మీద స్వాధీనమే, మిమ్మల్ని అప్పుడే బయటికి పంపరు. మనుషుల్ని ఖాళీ చేయించడానికి 14 సెక్షన్ కింద మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్తారు. అక్కడ మీ వాదన వినే ఏర్పాటు లేదు. ఆర్డరు 30 రోజుల్లో, ఎంత ఆలస్యమైనా 60 రోజుల్లో వస్తుంది, అడ్వకేటు కమిషనరు, పోలీసులు వస్తారు. ఆ రోజు బతిమాలుకుని ఉపయోగం లేదు.

మీరు వాదించుకోవాల్సిన చోటు డీఆర్‌టీ, అంటే అప్పుల వసూలు ట్రిబ్యునల్, మీకు హైదరాబాదులో. ఆంధ్రలో చాలామందికి విశాఖపట్నం. 17 సెక్షన్ కింద పిటిషను, స్వాధీన చర్య జరిగిన 45 రోజుల్లో. 13(2) నోటీసు మీదే నేరుగా వెళ్లడానికి లేదు, 13(4) దాకా ఆగాలి. ఫీజు బాకీని బట్టి: 10 లక్షల దాకా లక్షకి 500, ఆ పైన 5,000కి తోడు ప్రతి అదనపు లక్షకి 250. మీ 36.4 లక్షలకి 12,000 లోపే తేలుతుంది, లాయరు ఫీజు వేరే. అక్కడ పట్టుకునే అంశాలు ఇవీ: సహ రుణగ్రహీతకో, జామీనుదారుకో నోటీసు అందలేదు, 13(3ఎ) అభ్యంతరానికి జవాబు ఇవ్వలేదు, తెలుగు పేపర్లో వేయలేదు, కొత్త వాల్యుయేషన్ లేదు, వేలానికి 30 రోజుల వ్యవధి ఇవ్వలేదు. స్టే దొరికినా బాకీలో కొంత భాగం ఫలానా తేదీకి కట్టమన్న షరతు పెడతారు, కట్టకపోతే స్టే దానంతట అదే పోతుంది. బ్యాంకు తప్పు రుజువైనా అప్పు పోదు, బ్యాంకుని ఆ మెట్టు మళ్లీ ఎక్కమంటారు అంతే. కాబట్టి డీఆర్‌టీలో దొరికేది సమయం. ఆ సమయంలో ఇల్లు అమ్ముకుంటే లాభం, ఊరికే గడిపితే లాయరు ఖర్చు మిగులుతుంది. ఓడితే అప్పీలు, పై ట్రిబ్యునల్ అయిన కోల్‌కతాలోని డీఆర్‌ఏటీకి, అదీ బాకీలో సగం ముందు డిపాజిట్ చేస్తేనే. ట్రిబ్యునల్ దయతలిస్తే అది పావు వంతుకి తగ్గుతుంది, అంతకంటే కిందికి రాదు.

పనికిరాని దారులు కొన్ని ఊళ్లలో బాగా ప్రచారంలో ఉన్నాయి. సివిల్ కోర్టులో ఇంజంక్షన్ సూటు: 34 సెక్షన్ అడ్డు. హైకోర్టులో రిట్టు: డీఆర్‌టీ ఉండగా ఇక్కడికెందుకని పంపించేస్తారు. 2010 సత్యవతి టాండన్ తీర్పు నుంచి ఇదే మాట. పాత తేదీతో అద్దె అగ్రిమెంటు రాసి బంధువుని కూర్చోబెట్టడం: నిలబడదు, పైగా ఫోర్జరీ కేసు. ఐపీ (దివాలా పిటిషను) పెట్టేస్తా అనడం: తాకట్టు లేని చేబదుళ్ల వాళ్లని అది భయపెట్టొచ్చు, తాకట్టు పెట్టించుకున్న బ్యాంకుని కాదు. ఆ పాత దివాలా చట్టమే తాకట్టుదారు హక్కుని అలాగే ఉంచింది.

రికవరీ ఏజెంట్లు ఉదయం 8 కంటే ముందు, రాత్రి 7 తర్వాత ఫోను చేయకూడదు. పక్కింటివాళ్లకి చెప్పడం, బెదిరించడం కూడదు. కాల్ రికార్డు ఉంచుకుని ముందు బ్యాంకుకి ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ ఆంబుడ్స్‌మన్‌కి ఉచితంగా పెట్టొచ్చు, 14448కి ఫోను చేస్తే ఎలాగో చెప్తారు. ఏజెంటు చేతికి నగదు ఇవ్వొద్దు, లోను ఖాతాకే వేయండి. ఇదే బ్యాంకులో మీ జీతం ఖాతా కూడా ఉంటే, అందులో పడే డబ్బుని బాకీ కింద సర్దుకోగలరని గుర్తుంచుకోండి. ఆటో డెబిట్ బౌన్సుల మీద చెక్కు బౌన్సు లాగే క్రిమినల్ కేసు పెట్టే వీలుంది. చేతిలో డబ్బు లేని నెల ముందే బ్రాంచికి ఈమెయిల్ పెట్టండి, కనీసం ఎగ్గొట్టే ఉద్దేశం లేదనడానికి కాగితం ఉంటుంది.

అన్నిటికంటే కఠినమైన గీత 13(8)లో ఉంది. 2016 సవరణ తర్వాత, వేలం ప్రకటన పేపర్లో పడే తేదీకి ముందే బాకీ మొత్తం ఖర్చులతో సహా కడితేనే ఇల్లు విడిపించుకునే హక్కు. పాత రోజుల్లోలా అమ్మకం పూర్తయ్యేదాకా ఆగి, చివరి నిమిషంలో డబ్బుతో పరిగెత్తడం ఇప్పుడు కుదరదని 2023లో సెలిర్, బాఫ్నా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే మీ సొంత అమ్మకం వేలం ప్రకటన కంటే ముందే ముగియాలి. స్వాధీన నోటీసు వచ్చాక కూడా కొనేవాడు సిద్ధంగా ఉంటే, బ్యాంకూ కొనేవాడూ రాతపూర్వకంగా ఒప్పుకుని, వేలం లేకుండా ప్రైవేటు ట్రీటీ పద్ధతిలో అమ్మే వీలు రూల్స్‌లో ఉంది. మేనేజర్లు తమంతట తాము చెప్పరు, అడగాలి.

వేలం జరిగిపోయిందే అనుకోండి. పాడుకున్నవాడు 25 శాతం ఆ రోజో, మరుసటి పనిదినమో, మిగతా 75 శాతం అమ్మకం ఖరారైన 15 రోజుల్లో కట్టాలి. రాతపూర్వకంగా ఒప్పుకుంటే మూడు నెలల దాకా పొడిగించొచ్చు. బాకీ, ఖర్చులు పోగా మిగిలింది 13(7) ప్రకారం మీదే. అది ఒక్కోసారి నెలల తరబడి బ్యాంకు దగ్గరే పడి ఉంటుంది, ఎవరూ పిలిచి ఇవ్వరు. అమ్మకం ధర, తీసుకున్న ఖర్చులు, మిగులు లెక్క చూపమని రాతపూర్వకంగా అడగండి. తగ్గితే మాత్రం మిగతా బాకీకి మీ మీదా, జామీనుదారు మీదా విడిగా దావా వేస్తారు. సంతకం పెట్టిన బావమరిదికీ, స్నేహితుడికీ ఈ నోటీసు సంగతి ఇంకా చెప్పలేదా? ఈ రోజే చెప్పండి. వాళ్లకీ అదే కాపీ పోస్టులో వస్తుంది.